కింది అర బట్టలు

మా ఇంట్లో బీరువా అరలకు అత్తయ్య పెట్టిన కట్టుబాటు ఒకటుంది. పై అరలో రోజూ కట్టుకునేవి, మధ్య అరలో మగవాళ్ళ చొక్కాలూ ప్యాంట్లూ, కింది అరలో పట్టుచీరలు. పట్టుచీర ఏడాదికి రెండు మూడుసార్లకు మించి తీయం, ఆ కాస్తకీ వంగితే నడుమేం విరగదు అని ఆవిడ లెక్క. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా అజిత్‌సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు ఆ లెక్క ప్రకారమే అన్నిటికంటే ముందు మునిగినవి ఆవిడ పట్టుచీరలు.

వరద గురించి కొత్తగా చెప్పేదేం లేదు. గట్లకు గండ్లు పడటం, మా వీధుల్లో పడవలు తిరగడం, హెలికాప్టర్లూ డ్రోన్లూ అన్నం పొట్లాలు దించడం అందరూ టీవీల్లో చూశారు. మేం పై వాటాలో అద్దెకున్నవాళ్ళ దగ్గర తలదాచుకున్నాం. నేను చెప్పదలచుకున్నది నీళ్ళు తీశాక మా బట్టలు ఏమయ్యాయన్నదే. ఉతకడం, బాగుచేయించడం, కొనడం, ఒకరికి ఇవ్వడం, ఒకరి దగ్గర తీసుకోవడం, వీటన్నిటి గురించీ ఆ ఏడాది కొత్తగా తెలుసుకున్నది చాలా ఉంది.

నీళ్ళు తీసిన తర్వాత ఫైరింజన్లు వచ్చి ఇళ్ళలో బురద కడిగాయి. పరుపులు, దిండ్లు, సోఫా గురించి ఇంట్లో ఎవరికీ రెండో మాట లేదు. వీధి చివర గుట్టలో పడేశాం, మునిసిపాలిటీ ట్రాక్టర్లు ఎత్తుకుపోయాయి. బట్టల దగ్గర మాత్రం ఆగిపోయాం. "అన్నీ పారేద్దాం, లేనిపోని రోగాలు" అన్నారు మా ఆయన. అత్తయ్య ఏమీ అనలేదు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కుని బీరువాకు అడ్డంగా కూర్చున్నారు. అంతటితో ఆ చర్చ ముగిసింది.

బీరువా తలుపు బురదకు బిగుసుకుపోతే గునపంతో ఎత్తి తీయాల్సొచ్చింది. పై అర పొడిగానే ఉంది. మధ్య అర సగం తడి. కింది అరలో చీరలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి, ఒండ్రు పట్టి, ఒకే దిమ్మగా బయటికొచ్చాయి. వాసన గురించి రాయను.

మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకునే పెద్దావిడ ఒకామె ఉంది. వీధంతా ఇస్త్రీ మామ్మ అనే పిలుస్తాం. వరదకు ఆవిడ బండి కొట్టుకుపోయి రెండు సందుల అవతల తేలింది. బొగ్గుల ఇస్త్రీపెట్టె మాత్రం బరువుకి ఉన్నచోటే కూర్చుంది. చిన్నప్పటినుంచీ రేవులో బట్టలుతికిన మనిషి. మా ఇంటిముందు నుంచి వెళుతూ, మా ఆయన చేతిలో బ్లీచింగు పౌడరు డబ్బా చూసి ఆగింది. "ఏందయ్యా అది, పట్టు మీద పోస్తావా? పోగు పోగూ కరిగి నీళ్ళల్లో కలిసిపోద్ది" అని డబ్బా లాక్కుంది. ఆ తర్వాత చాలా రోజులు మా పెరటికి ఆవిడే పెద్ద.

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. పట్టూ ఉన్నీ మన జుట్టులాగే మాంసకృత్తులతో అయినవి. క్లోరిన్ తగిలితే ముందు పసుపుబారతాయి, తర్వాత పోగు చచ్చుబడి చేతిలో విడిపోతుంది. బ్లీచింగు వాడితే గీడితే తెల్ల నూలుకే, అదీ బాగా పలచగా. వరద ఊళ్ళలో ఇంటింటికీ బ్లీచింగు పంచుతారు, నేల కడగడానికి. దాన్ని బట్టల టబ్బులో వేసి పట్టుచీరలు పోగొట్టుకున్నవాళ్ళు మా చుట్టుపక్కల బోలెడుమంది.

మొదటి మెట్టు సబ్బు కాదు, నీళ్ళు. బురద ఉండగా సబ్బు పెట్టి రుద్దితే ఒండ్రు పోగుల మధ్యకి దిగిపోయి ఇక రాదు. బట్ట అంచులు రెండు చేతులా పట్టుకుని నీళ్ళలో జాడించడమే. రుద్దకూడదు, పిండకూడదు. జాడించినప్పుడల్లా గోధుమరంగు మేఘం ఒకటి లేచి టబ్బు అడుక్కి దిగుతుంది. ఆ మేఘం రావడం ఆగేదాకా జాడించాలి. ట్యాంకరు నీళ్ళకోసం బిందెలు వరసపెట్టే రోజులవి, ఒక్క చీరకు అన్నేసి బిందెలు పోయడానికి చేతులు రాలేదు. దానికీ మామ్మే దారి చూపింది. ముందు తెల్లబట్టలు జాడించి, ఆ నీళ్ళలో లేతరంగులు, ఆ నీళ్ళలో ముదురురంగులు, ఆఖరికి అడుగున మిగిలిన నీళ్ళు గచ్చు కడగడానికి. రంగు దిగే బట్ట తేలితే దాన్ని అక్కడికక్కడే విడదీసి వేరే బకెట్టు.

ఏది పట్టు, ఏది నూలు, ఏది పాలిస్టరు అన్నది ఎలా తెలియాలి? కొట్టులో చెప్పిన మాట నమ్మి కొన్నవే అన్నీ. అంచునుంచి ఒక పోగు లాగి వెలిగించి చూశాం. నూలయితే కాగితం కాలిన వాసన, వేళ్ళకు అంటే మెత్తటి బూడిద. పట్టయితే జుట్టు కాలిన కమురు వాసన, నలిపితే పొడయ్యే నల్లటి ఉండ. పాలిస్టరు బూడిదవదు, కరుగుతుంది. చల్లారాక గట్టి పూస మిగులుతుంది. ఒకానొక దగ్గరి చుట్టాలు ఘనంగా పెట్టిన "పట్టుచీర" కరిగి పూసైంది. వరద వచ్చాక అత్తయ్య నవ్వడం అదే మొదలు. "నేను అప్పుడే అనుకున్నా" అన్నారు.

పట్టుకు కుంకుడుకాయ రసం. నానబెట్టి, పిసికి, వడగట్టి, గోరువెచ్చటి నీళ్ళలో పలచగా కలిపి అందులో ముంచి తీయడమే. తర్వాత మంచి నీళ్ళు. పిండకుండా పాత తువాలు పరిచి దానిమీద చీర వేసి చాపచుట్టలా చుడితే తువాలు నీళ్ళు పీలుస్తుంది. ఆరబెట్టడం నీడలో. నూలుబట్టలకు మాత్రం ఎండ ఎంత తగిలితే అంత మంచిది, బూజు చావాలి కాబట్టి. బూజు మచ్చల్ని తడపకుండా ముందు ఆరుబయట బ్రష్షుతో దులపాలనీ, ఇంట్లో దులిపితే పక్క బట్టకు అంటుకుంటుందనీ కూడా అప్పుడే తెలిసింది. బీరువా ఇనుము తుప్పు దిగిన మరకలకు నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టాం. నూలు మీద చాలావరకు పోయాయి. పట్టు మీద ఆ ప్రయోగం మామ్మ చేయనివ్వలేదు.

ఇన్ని చేసినా అన్నీ బాగుపడలేదు. మీగడరంగు చీరకు పక్కనున్న ఎర్రచీర రంగు అంటుకుంది. అంటుకున్న రంగును ఊడబెరకలేం కానీ, చీర మొత్తానికి అంతకంటే ముదురు రంగు వేయించొచ్చు. వన్‌టౌన్‌లో రంగులు వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చీరను వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఎక్కడెక్కడ పలచబడిందో చూసి, "వేడి నీళ్ళలో తిప్పాలమ్మా, ఈ రెండుచోట్ల చిరిగితే నన్ననకండి" అని ముందే చెప్పాడు. అలా ముందే చెప్పేవాడి దగ్గరే పని ఇవ్వాలని నా అభిప్రాయం. మెరూన్ వేశాడు. జరీకి రంగు అంటదు కాబట్టి అంచు వెలిగిపోతూ వచ్చింది. పాలిస్టరు చీర ఒకటి కూడా ఇచ్చి చూశాను, చేతిలోకైనా తీసుకోలేదు. దానికి రంగెక్కాలంటే మిల్లుల్లో ఉండేంత వేడీ ఒత్తిడీ కావాలట, గంగాళంలో ఉడికితే ఎక్కదు.

ఇక అత్తయ్య పెళ్ళిచీర. కంచిపట్టు. ఏళ్ళతరబడి ఒకే మడతమీద ఉండి ఆ మడతలు ముందే బలహీనపడ్డాయేమో, నీళ్ళలోంచి తీసేసరికి మడత మడతకీ చిట్లి, నడిమి చీర పట్టుకుంటే విడిపోతోంది. అంచూ కొంగూ మాత్రం గట్టిగా ఉన్నాయి, జరీ నల్లబడింది. ఆ నెలంతా "పాత పట్టుచీరలు కొంటాం, జరీ కొంటాం" అని కేకలేసుకుంటూ వీధిలో తిరిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒకతన్ని పిలిచాం. అతను జరీ పోగు ఒకటి లాగి గోటితో గీకాడు. లోపల ఎర్రటి పోగు కనబడింది. "అసలుదే" అన్నాడు, అనేశాక అనకుండా ఉండాల్సింది అనుకున్నట్టు మొహం పెట్టాడు.

అసలు జరీ అంటే వెండి తీగను సన్నగా రేకులా సాగదీసి, ఎర్రరంగు వేసిన పట్టుపోగుకు చుట్టి, పైన బంగారు పూత పూసింది. సూరత్ దానికి పెట్టింది పేరు. రాగి తీగకు పూతపూసి చేసే జరీ ఒకటి, ప్లాస్టిక్ రేకుకు మెరుగు పూసేది ఒకటి తర్వాత వచ్చాయి. పాత చీరలు కొనేవాళ్ళకు మొదటి రకంతోనే పని. చీరను కాల్చి, బూడిదను కరిగించి, వెండి తీసుకుంటారు. కాల్చడం అనే మాట వినగానే అత్తయ్య బేరం ఆపేశారు. అతను పోతూపోతూ రేటు పెంచాడు, అయినా వినలేదు.

అంచూ కొంగూ జాగ్రత్తగా కోయించి, వెనక పలచటి నూలుగుడ్డ ఆనించి కుట్టించి, వేరే పట్టు తీసుకుని మా బావగారి మనవరాలికి పావడా కుట్టించాం. దర్జీకి ఒక్కటే షరతు. నడుం దగ్గరా, కింద మడతలోనూ గుడ్డ బాగా వదలాలి. మా చిన్నప్పుడు పట్టులంగాలకు మూడు నాలుగు టక్కులు వేసేవాళ్ళు, పిల్ల ఎదిగినకొద్దీ ఏడాదికొక టక్కు విప్పేవాళ్ళు. ఇప్పుడు రెడీమేడ్ బట్టల్లో లోపల విప్పుకోవడానికి గుడ్డే ఉండదు. కొత్త గౌను కొనేటప్పుడు తిరగేసి లోపలి కుట్టు చూస్తే ఆ బట్ట ఎన్నేళ్ళు ఉండాలని తయారుచేశారో తెలిసిపోతుంది. చాలావాటికి ఒక్క ఏడాదే.

నల్లబడ్డ జరీ మెరుపు పూర్తిగా రాలేదు. రాకపోతే పోనీ, పిల్ల గెంతడానికి అడ్డమేం కాలేదు.

ఇక మేం తీసుకున్న బట్టల సంగతి. ఇది చెప్పడం కాస్త ఇబ్బంది, ఎందుకంటే పంపినవాళ్ళ మనసు మంచిదే. నీళ్ళు ఉండగానూ, తీశాకానూ ఎక్కడెక్కడినుంచో బట్టలు వ్యానుల్లో వచ్చాయి. కట్టుకున్న బట్టతో పై వాటాకు ఎక్కినవాళ్ళం, చేయి చాచి తీసుకున్నాం. మూటలు విప్పితే రాళ్ళపని చేసిన జార్జెట్టు చీరలు, పదహారేళ్ళ పిల్లకు కూడా పట్టని జీన్సులు, పెళ్ళికొడుకు కోటు. జాకెట్లయితే కుప్పలు కుప్పలు. జాకెట్టనేది ఒక మనిషి కొలతకు కుట్టింది, ఇంకో మనిషికి పట్టదు, ఆ సంగతి ఇచ్చిన ఆడవాళ్ళకు తెలియకనా? బొందు లేని లంగాలు, గుండీలు లేని చొక్కాలు, జిప్పు పోయిన ప్యాంట్లు. చలిదేశాలకు కొన్న స్వెట్టర్లు. ఒక మూటలో కర్టెన్లు.

మాకు కావలసినవి వేరే. నైటీలు. లుంగీలు. తువాళ్ళు. దుప్పట్లు. పెద్ద సైజు లోదుస్తులు, అవీ కొత్తవి, ఎవరూ పంపనివి అవే. పిల్లలకు స్కూలు యూనిఫాం. వాన పడుతూనే ఉంది, ఆరేసుకోవడానికి చోటు లేదు, కాబట్టి త్వరగా ఆరేవి కావాలి. వీటికోసం కుప్ప మొత్తం తిరగదోడాలి. తిరగదోడిన కుప్ప సగం వీధిలో పడి, వానకు తడిసి, రెండు రోజులకు అదీ చెత్తే. దాన్ని మళ్ళీ ట్రాక్టరు ఎత్తాలి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దానమిచ్చిన బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయని అప్పట్లో చదివాం. చదవడం వేరు, ఆ గుట్టలో నైటీ కోసం వెతుక్కోవడం వేరు.

సునామీ నాటి ఆ గుట్టల్ని ఏరి, ఉతికి, పనికొచ్చేలా చేసినవాళ్ళలో గూంజ్ సంస్థ ఒకటి. 1999లో ఢిల్లీలో అంశు గుప్తా మొదలుపెట్టారు, ఆయనకు 2015లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్ళ పద్ధతి నాకు నచ్చింది. పల్లెల్లో బావి తవ్వుకోవడం, బాట వేసుకోవడం లాంటి ఊరిపని జనం తామే చేసుకుంటే, ఆ కష్టానికి ప్రతిఫలంగా బట్టలు అందుతాయి. ఊరికే చేతిలో పెట్టి ఫొటో తీయరు. కట్టుకోవడానికి పనికిరాని నూలుబట్టను శుభ్రం చేసి నెలసరి గుడ్డలు తయారుచేస్తారు. హైదరాబాదులో ఉండే మా మరిది నెలకో రెండు నెలలకో వచ్చిపోతుంటాడు, పనికొచ్చే బట్టలు ఉతికి మడిచి సంచిలో పెట్టి ఉంచితే తీసుకెళ్ళి వాళ్ళకు అందజేస్తాడు. మడిచి పెట్టడం ముఖ్యం. ఉండచుట్టి ఇచ్చిన బట్టను చూస్తే విప్పేవాళ్ళకు చెత్త అనే అనిపిస్తుంది, అందులో ఎంత మంచిది ఉన్నా సరే. ఇది విప్పినవాళ్ళు చెబుతున్న మాట.

పై అరలోని పొడి బట్టల్లో అత్తయ్య నేతచీరలు మెత్తబడినవి కొన్ని ఉన్నాయి. అవి ఎవరికీ ఇవ్వనివ్వలేదు. మా అక్క కూతురు గుంటూరులో నెలలు నిండి ఉంది, దానికి పొత్తిగుడ్డలు కావాలి. ఏళ్ళు కట్టి ఉతికి ఉతికి పోగు మెత్తబడ్డ నూలుచీరకు మించింది పసిబిడ్డ ఒంటికి ఇంకోటి లేదు. వరదనీళ్ళు తాకనివే ఏరి, మరిగే నీళ్ళలో వేసి తీసి, ఎండలో ఎండబెట్టి చదరాలుగా కోశాం. పాపకు కొత్త గౌన్లు చాలానే వచ్చాయి, వాటి లేసులు గుచ్చుకుంటున్నాయని బారసాల దాకా గుడ్డల్లోనే ఉంచారు. ఎలాగూ మనలో చాలా ఇళ్ళలో పురిటిబిడ్డకు ముందు పాతబట్టే తొడుగుతారు, ఆరోగ్యంగా పెరిగిన బిడ్డది అడిగి తెచ్చి మరీ.

పరాయివాళ్ళు విడిచిన బట్ట కట్టడమేంటి అని మూతి ముడిచేవాళ్ళు మా బంధువుల్లోనూ ఉన్నారు. వాళ్ళే ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మకు భక్తులు సమర్పించిన చీరలు దేవస్థానం అమ్మకానికి పెడితే ముందుండి కొంటారు.

మరకపోని నూలుచీరలతో బొంతలు కుట్టించాం. పరుపులు పోయాయి, కింద పరుచుకోవడానికి ఏదో ఒకటి కావాలి. పాయకాపురం వైపు బొంతలు కుట్టే ఆవిడ ఉందని మామ్మే చెప్పింది. ఆవిడ ఇంటికే వచ్చి మా హాల్లో కూర్చుని కుట్టింది కాబట్టి పనంతా చూశాను. ముందు చీరల్ని పట్టి పట్టి చూసి, గట్టివి రెండు పక్కన పెట్టింది, అవి పైకీ కిందికీ. చిరుగులున్నవి మధ్యలోకి. అడుగు చీర నేలమీద పరిచి నాలుగు మూలలా బరువులు పెట్టి, అరచేత్తో మధ్యనుంచి అంచులకు తుడుస్తూ పోయింది. ఒక్క ముడత మిగిలినా కుట్టాక గడ్డలా తగులుతుందట. ఒక్కో పొర వేసినప్పుడల్లా అదే తుడుపు. అన్నీ పేర్చాక పెద్ద పెద్ద టాకాలు వేసి కదలకుండా చేసి, అప్పుడు ఒక అంచునుంచి మొదలుపెట్టి వరస కుట్టు. సూది పొరలన్నీ దిగి కింద నేలకు టక్కుమని తగిలాకే పైకి లేస్తుంది. ఆ చప్పుడు రాకపోతే కింది పొర అందలేదన్నమాట, కుట్టు విప్పి మళ్ళీ వేసేది. మధ్యమధ్య పాలిస్టరు చీర ఇవ్వబోతే వద్దంది. జారుతుంది, చెమట పీల్చదు, కుట్టు లాగేస్తుంది అని మూడు వంకలు చెప్పింది, మూడూ న్యాయమైనవే.

కూలి అడిగినంత ఇచ్చాం. దుప్పట్ల షాపులో అంతకంటే తక్కువకు రంగురంగుల కంఫర్టరు వస్తుందని మా అమ్మాయి గుర్తుచేసింది. నిజమే, వస్తుంది. రెండు ఉతుకులకు లోపలి దూది ఉండలు కట్టేదానికీ దీనికీ పోలిక పెట్టి లెక్క వేయాలని నాకు అనిపించలేదు. పైగా ఆ పనికి ధర తక్కువైతే ఆ పని చేసేవాళ్ళే ఉండరు. ఆవిడ కూతురు బట్టల షోరూములో సేల్స్‌లో చేరిందట, సూది ముట్టుకోదట.

బొంతక్కూడా పనికిరాని నూలు పీలికలు ఆటోనగర్‌కు పోయాయి. అక్కడ మెకానిక్ షెడ్లలో చేతులకీ ఇంజన్లకీ అంటే గ్రీజు తుడవడానికి వేస్టుగుడ్డ ఎప్పుడూ కావాలి, కిలోల లెక్కన కొంటారు. అదీ నూలైతేనే. పాలిస్టరు నూలంత బాగా పీల్చదు, పక్కకు పూస్తుంది. మెకానిక్కి కూడా అక్కరకు రాని బట్టలు మన బీరువాల్లో ఎన్ని ఉన్నాయో అప్పుడే లెక్కకొచ్చింది.

అయితే పాలిస్టరును తిట్టడం నా ఉద్దేశం కాదు. వరదనుంచి చెక్కుచెదరకుండా బయటపడ్డవి అవే. రెండు జాడింపులకు బురద వదిలింది, రంగు పోలేదు, బూజు పట్టలేదు. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆయన వస్తే అవే ముందు ఏరుకున్నాడు. ఆయన చూసే తీరు చూడాలి. చీర మధ్యకు పట్టుకుని రెండు పక్కలకు ఫటఫట లాగుతాడు, వెలుతురులో పెట్టి కన్నాలు చూస్తాడు, అంచు తిరగేసి ఫాల్ ఉందో లేదో చూస్తాడు. సంతలో మళ్ళీ అమ్మాలి గదా. మూకుడు అడిగితే గిన్నె ఇస్తానంటాడు, గిన్నెకు ఒప్పుకుంటే ఇంకో ప్యాంటు వేయమంటాడు. మా అత్తయ్యకు ఆ బేరం గంటసేపు కాలక్షేపం. ఆ చీరలు ఎక్కడో ఎవరి ఒంటిమీదో ఇంకో పదేళ్ళు ఉంటాయి, చెత్తకుప్పలో ఉండటంకంటే అది నయం.

కొనడం సంగతి చివరికి మిగిలింది. కింది అంతస్తు మునిగిన ఇళ్ళకు ప్రభుత్వం 25 వేలు ప్రకటించింది. అది పరుపులకీ స్టవ్వుకీ ఫ్రిజ్జు రిపేరుకే చాల్లేదు. బట్టలకు మిగిలిన కాస్త డబ్బుతో ఏం కొనాలన్నది ఇంట్లో పెద్ద తగువు. వస్త్రలత బట్టల మార్కెట్లో హోల్‌సేలుగా కొంటే ఆ డబ్బుకు అందరికీ నాలుగేసి జతలు వస్తాయి. నేను రెండేసి చాలన్నాను, మంగళగిరి నేత. మాకు పక్కూరే, సిటీ బస్సులో పోయి రావచ్చు.

మంగళగిరిలో నేసే ఇంటికే వెళ్ళాం. గుంట మగ్గం, కాళ్ళు గుంటలో పెట్టి కూర్చుని నేస్తారు. చీర మధ్య బుటాలేం ఉండవు, ఒంటిరంగు, అంచున నిజాం బోర్డరనే జరీ పట్టీ. అక్కడ 80 నంబరు నూలు వాడుక. 80 నంబరంటే ఒక పౌను బరువుకు 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎనభై తూగేంత సన్నం. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం. సన్నమైతే చాలదు, పడుగూ పేకా దగ్గరగా పడాలి. ఆయన చీరను ఒక పొర వెలుతురుకి పట్టి చూపించాడు. కళ్ళకు అడ్డం పెట్టుకుంటే ఎదురుగా ఉన్న మగ్గం నీడలా కనిపించాలిగాని, సందుల్లోంచి స్పష్టంగా కనిపించకూడదట. రంగు గట్టిదా కాదా అన్నదానికి నా పరీక్ష నేను చేశాను. తెల్ల చేతిరుమాలు తడిపి చీర మూలన రుద్దాను. వరద తర్వాత ఆ అలవాటు పడింది, ఏ కొట్టులోనైనా అదే చేస్తాను, సేల్స్‌ పిల్లలు విసుక్కున్నా సరే. ఆయన విసుక్కోలేదు. ముదురు ఎరుపు మాత్రం మొదటి రెండు మూడుసార్లు విడిగా ఉతకమని తనే చెప్పాడు.

చేతిమగ్గం మీద మాత్రమే నేయాల్సిన కొన్ని రకాలున్నాయి, దానికి 1985లోనే చట్టం ఉంది. మరమగ్గం బట్ట చేనేత పేరుతో బజార్లో అమ్ముడుపోతూనే ఉంది. చట్టం చేతిలో పట్టుకుని చీర కొనలేం కాబట్టి, వీలైతే నేసేచోటికే పోవడం మేలు. నైటీలకూ చుడీదార్లకూ మీటర్ల లెక్కన తాను గుడ్డ తీసుకున్నాం. ఆ గుడ్డతో కుట్టించిన నైటీలు ఇప్పటికీ రోజూ వాడుతున్నాం. రెండు జతలేమిటని అలిగిన మా అమ్మాయి ఇప్పుడు హాస్టల్లో గదిపిల్లలతో చున్నీలూ టాపులూ మార్చుకుంటోంది. నలుగురి బట్టలూ కలిపి ఒకే బీరువా లెక్కన వాడుతున్నారట. మా తరంలో అక్కాచెల్లెళ్ళం చేసిందే, మేం కొట్టుకుని చేసేవాళ్ళం, వీళ్ళు వాట్సప్‌లో అడిగి చేస్తారు.

బీరువా అరలు తలకిందులయ్యాయి. పట్టుచీరలు ఇప్పుడు పై అరలో, ఒక్కోటీ పాత పంచె ముక్కలో చుట్టి. ప్లాస్టిక్ కవర్లు తీసేశాం, లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. కలరా ఉండలు జరీకి తగలకుండా మూలన గుడ్డలో కట్టి ఉన్నాయి. రెండు మూడు నెలలకోసారి తీసి, గాలికి ఆరేసి, మడత మార్చి పెడుతున్నాం. గంజి పెట్టినవి ఏవీ దాచం, గంజి వాసనకు పురుగు వస్తుంది. దాచేముందు గంజి వదిలేలా ఉతికి, కట్టుకునేముందు మళ్ళీ పెట్టుకోవడం. కింది అరలో ఇప్పుడు ఇవ్వాల్సిన బట్టలు ఉంటున్నాయి.

2025 అక్టోబరులో మొంథా తుఫాను వచ్చినప్పుడు మా వీధి కుర్రాళ్ళు గోనెసంచులు పట్టుకుని ఇంటింటికీ వచ్చారు, తీరంవైపు ఊళ్ళకు బట్టలు పంపిస్తామని. ఈసారి వీధిలో ఆడవాళ్ళం ముందే కూర్చుని మాట్లాడుకున్నాం. చీరకు చీర, జాకెట్లు వద్దు, కావాలంటే కుట్టని జాకెట్టు గుడ్డ. లుంగీలు, తువాళ్ళు, నైటీలు సైజులవారీగా విడి మూటలు, మూటమీద మార్కరుతో ఏముందో రాసి. లోదుస్తులకు తలా కాస్త వేసుకుని కొత్తవి కొన్నాం. ఇస్త్రీ మామ్మ తన వంతుగా మడతలన్నీ వేసిపెట్టింది. ఆరేళ్ళ పిల్లల బట్టలు ఒక సంచి, పదేళ్ళవాళ్ళవి ఇంకో సంచి.

కుర్రాళ్ళు సంచి మూతి కట్టబోతుంటే అత్తయ్య ఆగమన్నారు. పైనున్న లంగా తీసి నడుంపట్టీ తడిమి చూశారు. "అమ్మాయ్, దీనికి బొందేదీ?" అన్నారు నాకేసి చూసి. "తుఫానులో ఆ పిల్ల దీన్ని చేత్తో పట్టుకుని తిరగాలా?" ఇంట్లోకి పోయి బొందూ పిన్నీసూ తెచ్చాను. వ్యాను హారను కొడుతున్నా ఆవిడ పట్టించుకోకుండా సంచిలో లంగాలన్నీ మళ్ళీ బయటికి తీయించి ఒక్కోటీ తడమడం మొదలుపెట్టారు.